బ్యాడ్జి మీద పేరు

సుమయ్యాకు ఆరు భాషలు వచ్చు. అందులో తన గొప్పేమీ లేదని ఆమే అంటుంది. చిత్తూరు గిరింపేటలో పుట్టిన పిల్లకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పక్కింట్లో తమిళం ఎలాగూ వస్తాయి. ఉర్దూ వచ్చాక హిందీకి వేరే తంటా పడనక్కర్లేదు. తండ్రి జానీ బాషా టైలరు కాబట్టి, ముళబాగిలు నుంచి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళ దగ్గర కన్నడం అబ్బింది. ఇంగ్లీషు ఒక్కటే ఆమె కూర్చుని, కష్టపడి నేర్చుకున్నది.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో ఆరు నెలల హోటల్ శిక్షణలో చేరింది. పాఠాలు చెప్పే ఎస్తేరు మేడం మొదటి వారంలోనే ఆమెను పట్టేసింది. "ఈ ఊరికి దేశంలోని అన్ని మూలల నుంచీ జనం వస్తారు. పరుపు సర్దడం ఎవరికైనా నేర్పొచ్చు. లాతూరు నుంచి వచ్చిన ముసలాయనకు అర్థమయ్యేలా హిందీలో 'కూర్చోండి' అనడం నేర్పలేను. నువ్వు కౌంటర్‌కే పుట్టినావు" అంది. ఆ మాట సుమయ్యా ఇంటికి ఫోన్ చేసి చెబితే, జానీ బాషా నాలుగు రోజుల్లో నల్ల కోటు ఒకటి కుట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. కొలతలు అడగలేదు. కోటు భుజాల దగ్గర అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

శిక్షణ అయ్యాక ఆమెనూ, బ్యాచిలో స్నేహితురాలు కోమలినీ కపిలతీర్థం దారిలో ఉన్న ఆరంతస్తుల హోటల్లో ట్రైనీలుగా తీసుకున్నారు. మేనేజరు బాలసుబ్రమణ్యం పుత్తూరు వైపు మనిషి. గట్టిగా కసిరే రకం కాదు. అడిగిన సెలవు ఇచ్చేవాడు, భోజనం చేశారా అని కనుక్కునేవాడు. కోమలిని హౌస్‌కీపింగ్‌లో వేసి, సుమయ్యాను కౌంటర్‌లో నిలబెట్టాడు. మొదటి రోజు పొద్దున ఆమె చేతిలో ఇత్తడి రంగు బ్యాడ్జి పెట్టాడు. దాని మీద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ 'సుమ' అని ఉంది.

"సార్, కొంచెం తప్పు పడింది. సుమయ్యా అని ఉండాల."

"తప్పేం కాదు పాపా. పేరు చిన్నదిగా ఉంటే గెస్టుకు నోరు తిరుగుతాది." ఆయన గొంతు తగ్గించాడు. "మనకొచ్చేవాళ్ళంతా కొండకు పొయ్యేవాళ్ళు. నాకు తేడా ఏం లేదు. ఎవుడో ఒకడికి ఉంటాది. వాడి నోట్లో మనం పడటం దేనికి? సుమ అంటే పువ్వే కదా, బాగుండాది."

ఇంట్లో చిన్నప్పుడు ఆమెను సుమ్మూ అని పిలిచేవాళ్ళు. అలాంటిదే ఇదీ అనుకుంది. ఉద్యోగంలో మొదటి రోజు, మొదటి అరగంట. వెనక నలుగురు గెస్టులు పెట్టెలతో నిలబడి ఉన్నారు. బ్యాడ్జి పెట్టుకుంది.

మర్నాడు కౌంటర్ సొరుగులో బొట్టుబిళ్ళల అట్ట ఒకటి కనిపించింది. అద్దం పక్కన అంటించిన కాగితంలో జుట్టు ముడి, గోళ్ళు, చెప్పులు, బొట్టు అని వరసగా రాసి ఉంది. అందరికీ ఒకటే నియమం. అదీ పెట్టుకుంది.

పని మాత్రం ఆమెకు ప్రాణంలా ఉండేది. గుండు చేయించుకుని తల మీద చందనంతో దిగివచ్చే పిల్లలు, పొద్దున ఐదింటికే రైలు దిగి గది కావాలనే కుటుంబాలు, టోకెన్లు దొరక్క మొహాలు వేలాడేసుకున్నవాళ్ళు. ఎవరినైనా ఆమె రెండు నిమిషాల్లో కుదుటపరిచేది. ఎవరు ఏ భాషలో విసుక్కుంటే ఆ భాషలోనే జవాబు చెప్పేది. మాట తమదైతే మనిషికి కోపం సగం దిగిపోతుందని ఆమెకు త్వరగానే తెలిసింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అడక్కముందే కింది అంతస్తు గది చూసేది. వేడినీళ్ళు ఎన్ని గంటల దాకా వస్తాయో తాళంతో పాటే చెప్పేది.

మూడో నెల నుంచి ఇంటర్నెట్‌లో హోటల్ గురించి రాసేవాళ్ళు ఆమె పేరూ రాయడం మొదలుపెట్టారు. కౌంటర్‌లో సుమగారు సొంత కూతురిలా చూసుకున్నారు. సుమ ఉంటే భయం లేదు. సుమకు మా ఆశీస్సులు. బాలసుబ్రమణ్యం వాటిని ప్రింటు తీయించి లిఫ్టు పక్కన అద్దాల బోర్డులో పెట్టించాడు. వెళుతూ వస్తూ సుమయ్యా ఆ బోర్డు చూసేది. అందులో ఉన్న మంచిదంతా తాను చేసిందే. పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కింటి పిల్ల మార్కుల లిస్టు చూస్తున్నట్టుండేది.

చిక్కు పెరిగింది కూడా అక్కడే. పేరుతో ఆగలేదు. ప్రేమగా మాట్లాడేవాళ్ళే ఎక్కువ ప్రశ్నలడుగుతారు. "మీదే ఊరమ్మా? మీ ఇంటిపేరేంది? మీ ఇలవేల్పు ఎవరు?" ఆమె నవ్వేసి, తాళం అందించి, మాట తప్పించేది. బెళగావి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ దర్శనం బాగా అయిందన్న సంతోషంలో కౌంటర్ మీదికి వంగి ఆమె నుదుట కుంకుమ పెట్టి, "నీకు మంచి మొగుడొస్తాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సుమయ్యాకు కుంకుమతో పేచీ లేదు. అంత మంచి మనిషిని మోసం చేస్తున్నానన్నదే మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడు నిజం చెబితే ఆవిడ సంతోషం పాడవుతుంది. చెప్పకపోతే తన మనసు పాడవుతుంది. నోరు మూసుకుంది.

రంజాన్ నెలలో అయితే రోజూ నాటకమే. మధ్యాహ్నం క్యాంటీన్‌లో కడుపునొప్పి అనీ, ఇప్పుడే తిన్నాననీ చెప్పేది. సాయంత్రం దుప్పట్లు పెట్టే గదిలో, ఇస్త్రీ దుప్పట్ల బొత్తి మీద కూర్చుని ఖర్జూరం నోట్లో వేసుకునేది. హౌస్‌కీపింగ్ పెద్దమ్మ అలివేలమ్మకు సంగతి తెలుసు. తలుపు దగ్గర నిలబడి కాపలా కాసేది.

"తినమ్మా నిదానంగా. ఎవురొచ్చినా దుప్పట్లు లెక్కపెట్టుకుంటుండాదని చెప్తా" అనేది.

ఆ మాటకు సుమయ్యాకు నవ్వొచ్చేది. నవ్విన మరుక్షణం, దొంగతనం చేస్తున్నట్టు ఇక్కడ కూర్చోవలసిన కర్మ నాకేమిటి అనిపించేది.

ఏడాది నిండిన వారానికి ఎస్తేరు మేడం ఫోన్ చేసింది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో కొత్తగా కడుతున్న పెద్ద హోటల్‌కు కౌంటర్ మనుషులు కావాలట. ఏడాది కౌంటర్ అనుభవం ఉంటే చాలట. "నీ గురించి చెప్పినాను. గెస్టులు రాసినవి చూపిస్తే చాలు, కళ్ళకద్దుకుని తీసుకుంటారు. అక్కడి నుంచి నువ్వు ఏ దేశమైనా పోవచ్చు. అనుభవం సర్టిఫికెట్ ఒక్కటి తీసుకో."

సుమయ్యా ఆ సాయంత్రమే బాలసుబ్రమణ్యం గదికి వెళ్ళింది. ఆయన సంతోషంగానే విన్నాడు. సర్టిఫికెట్ కూడా మర్నాడే టైపు చేయించి ఇచ్చాడు. అందులో 'సుమయ్యా, ట్రైనీ, ఏడాది' అని మాత్రమే ఉంది.

"కౌంటర్ అని రాయలేదు సార్."

"రికార్డులో సుమయ్యా ట్రైనీనే పాపా. కౌంటర్ డ్యూటీ చార్టులన్నీ సుమ పేరు మీద ఉండాయి."

"సుమ నేనే కదా సార్. ఆ ఒక్క ముక్క రాయండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రాస్తే ఏమవుతాది? పేరు మార్పించినామని మా కాయితం మీద మేమే ఒప్పుకున్నట్టు. రేపు అది ఫోన్లలో తిరిగితే ఓనరు నన్ను ఉంచుతాడా? నాకు ఇంకా నాలుగేండ్లు సర్వీసు ఉండాది. నిన్ను తక్కువ చేయాలని కాదమ్మా. నా చేతుల్లో లేదు."

అరిచే మనిషైతే తిరిగి అరవొచ్చు. ఈయన మీద అరవడానికి కూడా లేదు. సుమయ్యా విశాఖ వాళ్ళకు స్వయంగా ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి అమ్మాయి మర్యాదగా విన్నది. "రాతపూర్వకంగా ఏదైనా ఉందాండీ?" అని అడిగింది. లేదంటే, మళ్ళీ ఫోన్ చేస్తామంది. ఆ ఫోన్ రాలేదు. ఏడాదంతా నిలబడి చేసిన పని ఎక్కడికి పోయిందంటే, లేని మనిషి ఖాతాలోకి పోయింది. మానేద్దామంటే చేతిలో ఉన్నది ట్రైనీ కాగితం. ఉందామంటే రోజురోజుకూ సుమ పెద్దదవుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జానీ బాషా వచ్చాడు.

గూడూరులో బంధువుల ఇంట్లో పెళ్ళి చూసుకుని తిరిగి వెళుతూ, దారిలో కూతురిని చూసిపోదామని దిగాడు. తెల్ల లుంగీ, నెత్తిన టోపీ, చేతిలో పెళ్ళివారిచ్చిన మిఠాయి డబ్బా. ముందుగా ఫోన్ చేస్తే ఆమె డ్యూటీ చెడగొట్టినట్టవుతుందని చేయలేదు. అప్పుడు పొద్దున పది. సేలం నుంచి వచ్చిన ఒక బస్సు జనం కౌంటర్ చుట్టూ మూగి ఉన్నారు. తలుపు దగ్గర గార్డు పెంచలయ్య పనిలో చేరి వారమే అయింది.

"ఎవురు కావాలప్పా?"

"మా అమ్మాయి. సుమయ్యా అని, ఈడనే పనిచేస్తుండాది."

"అట్లాంటోళ్ళు ఎవురూ లేరే ఈడ."

ఆ గొంతు విని సుమయ్యా తలెత్తింది. తండ్రి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. పెంచలయ్య కౌంటర్ వైపు తిరిగి, "సుమమ్మా, సుమయ్యా అని ఎవురైనా ఉండారా మన దగ్గిర?" అని గట్టిగా అడిగాడు.

సేలం పెద్దాయన ఆధార్ కార్డు ఆమె చేతిలో ఉంది. ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆయన వెనక ఇంకో పాతికమంది. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. రెండు క్షణాలో, మూడు క్షణాలో. ఆ మూడు క్షణాల్లో జానీ బాషా కూతురి నుదుటి మీది బొట్టు చూశాడు, ఛాతీ మీది బ్యాడ్జి చూశాడు, తాను కుట్టిన కోటు చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"పొరపాటున వచ్చినట్టుండానప్పా. పక్క హోటలేమో" అని పెంచలయ్యతో అని, మెట్లు దిగిపోయాడు.

సుమయ్యా ఆ కార్డు వివరాలు రాసింది. తాళం ఇచ్చింది. వేడినీళ్ళ సంగతి చెప్పింది. రెండో మనిషి కార్డు చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "ఒక్క నిమిషం" అని తమిళంలో చెప్పి, కౌంటర్ పలక ఎత్తి, జనాన్ని తోసుకుంటూ బయటికి పరిగెత్తింది.

ఆయన ఇంకా ఎంతో దూరం పోలేదు. ఆటోల దగ్గర నిలబడి, బస్టాండుకు బేరమాడుతున్నాడు.

"అబ్బా!" అని తండ్రిని పిలిచింది.

ఆయన తిరిగి చూసి, ముందు అటూ ఇటూ చూశాడు. ఎవరైనా వింటున్నారా అని. పుట్టినప్పటి నుంచీ ఆమెతో ఉర్దూ తప్ప మాట్లాడని మనిషి, ఆ రోడ్డు మీద తెలుగులో మాట్లాడాడు.

"ఎందుకమ్మా బయటికొచ్చినావు? జనం నిలబడుండారు ఆడ. పో."

ఆయన అన్న మాటల్లో ఆమెను బాగా కోసింది ఆ భాషే. తనకోసం ఆయన కూడా పరాయివాడిగా నటిస్తున్నాడు. తాను పెట్టుకున్న బ్యాడ్జిని ఆయన మెడకు కూడా తగిలించింది.

"నాకు మాట రాలేదు అబ్బా. చెప్పాలనుకున్నా. నిజంగా రాలేదు."

"నాకు తెలీదా? నీకు ఉద్యోగం పోతాదేమోనని నేనే చెప్పినా పొరపాటని. ఏడవద్దు. కోటు ముడత పడతాది." ఆయన మిఠాయి డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. ఆటో ఎక్కబోయి ఆగాడు. "బాగానే చూసుకుంటుండారా నిన్ను?"

"బాగానే చూసుకుంటారు అబ్బా."

"మరి ఎందుకు ఇట్లయిపోయినావు?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా ఆటో ఎక్కేశాడు.

సుమయ్యా తిరిగి వచ్చి ఆ పాతికమందికీ గదులిచ్చింది. అందరూ వెళ్ళాక బ్యాడ్జి తీసి, బొట్టు తీసి, రెండూ పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

"నా పేరుతో బ్యాడ్జి ఇస్తే కౌంటర్‌లో ఉంటాను సార్. లేకపోతే ఉండలేను."

పెంచలయ్య చెప్పగా బాలసుబ్రమణ్యానికి అప్పటికే సంగతి తెలిసింది. తలుపు వైపు చూసి, "మీ నాయనను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాడిని కదమ్మా, నాకు చెప్పి ఉంటే" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. బ్యాడ్జి మాత్రం మార్చలేదు. మర్నాటి నుంచి ఆమెను మొదటి అంతస్తులో, ఫోన్ల గదిలో వేశాడు. గదులు బుక్ చేసుకునేవాళ్ళతో మాట్లాడే పని. అక్కడ మొహం ఎవరికీ కనిపించదు, బ్యాడ్జి అక్కర్లేదు, ఏ పేరూ అక్కర్లేదు.

ఆ గది ఎనిమిదడుగుల చదరం. కిటికీ లేదు. గోడకు ఆనుకుని జనరేటర్ పైపు పోతుంది. రోజంతా ఫోను మోగుతూనే ఉంటుంది, మనిషి జాడ ఉండదు. కౌంటర్‌లో ఉన్నప్పుడు పసిపిల్లలు, గుండ్లు, దండలు, కోపాలు, నవ్వులు ఉండేవి. ఇప్పుడు చెవిలో గొంతులు మాత్రమే. కోటు వేసుకునే పని లేక తలుపు వెనక మేకుకు తగిలించింది.

పది రోజుల తరువాత కోమలి వచ్చి గుమ్మంలో నిలబడింది. చీర కట్టు మారింది, జుట్టు ముడి వేసింది. చేయి అడ్డం పెట్టి ఛాతీ దగ్గర ఏదో దాస్తోంది.

"సూపించు మే" అంది సుమయ్యా.

కోమలి చేయి తీసింది. బ్యాడ్జి మీద 'సుమ' అని ఉంది.

"వచ్చినోళ్ళంతా సుమ యాడ, సుమ యాడ అని అడుగుతుండారంట. బోర్డులో పేరు చూసి వస్తారు కదా, పేరు అదే ఉండనీ అన్నాడు సారు." కోమలికి ఏడుపొక్కటే తక్కువ. "నా పేరు నాకు బాగానే ఉండాది. కోమలి అంటే ఏమైంది? కానీ దుప్పట్లు మార్చే పనిలో నుంచి బయటపడేదానికి ఇంకో దారి లేదు మే. నీకు కోపమొచ్చిందా?"

కోపం రాలేదు. ఆ పిల్లను చూస్తే తన మొదటి రోజు గుర్తొచ్చింది. మతమనీ ఇంకోటనీ ఇన్నాళ్ళూ అనుకుంది గానీ, హోటల్‌కు కావలసింది సుమ. ఆ పేరులో ఎవరు దూరినా వాళ్ళకు ఒకటే. "నువ్వేం చేస్తావులే. జాగ్రత్తగా చెయ్" అంది.

కానీ కోమలికి తెలుగూ తమిళమూ తప్ప రావు. మూడో రోజే కింది నుంచి ఇంటర్‌కమ్ మోగింది. కోమలి గుసగుసగా, "లాతూరు నుంచి తొమ్మిదిమంది వచ్చినారు. ముసలాయన అరస్తుండాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వు మాట్లాడు మే, ఫోన్ ఆయన చేతికిస్తా" అంది.

మొహం కోమలిది, పేరు సుమది, గొంతు తనది. మాట్లాడితే, లేని ఆ మనిషి తన గొంతుతోనే మళ్ళీ లేచి నిలబడుతుంది. మాట్లాడకపోతే అక్కడ ఒక ముసలాయన అలిసిపోయి నిలబడి ఉన్నాడు.

మాట్లాడింది. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చారట. రెండు గదులు పక్కపక్కనే కావాలట. ఆయన భార్యకు మెట్లు కుదరవట. అన్నీ విని, ఏ గదులో కోమలికి చెప్పింది. ఫోన్ పెట్టేయబోతుంటే, అంతకుముందోసారి వచ్చి ఆమెను చూసి ఉన్న ముసలాయన మళ్ళీ ఫోన్ అందుకుని హిందీలో, "సుమా బేటీ, నువ్వు కిందికి రావా? ఈ పిల్ల ఎవరు?" అని అడిగాడు.

"బాబూజీ, నా పేరు సుమయ్యా. కింద ఉన్న అమ్మాయి పేరు కోమలి. మాలో సుమ అనే మనిషి లేదు. మీకేం కావాలన్నా మేమిద్దరం చూసుకుంటాం."

ఆమె రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుంది.

"సరే బేటీ" అన్నాడు ముసలాయన. "వేడినీళ్ళు ఎప్పటిదాకా వస్తాయి?"

ఆమె చెప్పింది. ఫోన్ పెట్టేసింది. ఏడాదిపాటు ఏ మాటకు భయపడిందో, ఆ మాట ఆయనకు వేడినీళ్ళకంటే చిన్నదైంది. అందరూ అలాగే ఉంటారని ఆమె అనుకోలేదు. ఒక్కడు ఉన్నాడు, చాలు.

ముసలాయన కోమలిని ఆమె పేరుతోనే పిలవడం విన్న బాలసుబ్రమణ్యం సాయంత్రానికి పైకి వచ్చాడు. ఆ గదిలో రెండో కుర్చీ లేదు. నిలబడే మాట్లాడాడు.

"అట్ల చెప్పకూడదమ్మా గెస్టులకు."

"ఇకమీద కూడా చెప్తాను సార్. కోమలికి భాష రాక ఇంక రోజుకు నాలుగుసార్లు నాకు ఫోన్ చేస్తాది. నేను మాట్లాడిన ప్రతిసారీ నా పేరే చెప్తాను. వద్దంటే మాట్లాడను."

ఆయన నుదురు తుడుచుకున్నాడు. ఆమె మాట్లాడకపోతే కింద ఏమవుతుందో ఆయనకు తెలుసు. పండగల రద్దీ ముందుంది. "ఏం కావాల నీకు?"

"ఈ గది పనికి నా పేరు మీద ఆర్డరు కావాల. ట్రైనీ అని వద్దు."

మూడు రోజులు నాన్చి, నాలుగో రోజు కాగితం పంపాడు. సుమయ్యా, రిజర్వేషన్ల అసిస్టెంటు, ఆ తేదీ నుంచి. గడిచిన ఏడాది గురించి అందులో ఒక్క అక్షరం లేదు. బ్యాడ్జి ఊసు లేదు. కింద కోమలి ఛాతీ మీద సుమ అలాగే ఉంది. ఎస్తేరు మేడం కాగితం ఫోటో చూసి, "మళ్ళీ మొదటి నుంచి ఏడాది పడుతుంది సుమయ్యా. ఉండగలవా?" అని అడిగింది.

"ఉండాల కదా మేడం" అంది సుమయ్యా.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేసి, కిటికీ లేని గదికి మారిన సంగతి చెప్పి, కాగితంలో ఉన్నది తండ్రికి చదివి వినిపించింది. జానీ బాషా మిషన్ తొక్కడం ఆపి విన్నాడు. పేరు ఇంకోసారి చదవమన్నాడు. చదివింది.

"ఆ గదిలో గాలి ఆడుతుందా?" అని అడిగాడు.

"ఫ్యాను ఉంది అబ్బా" అంది. అంతలో రెండో ఫోను మోగితే, ఉంటానని చెప్పి అటు తిరిగింది.